పీచ్ పళ్ళ మీద గుడ్డ

సంత రోజున నన్ను ఇంట్లో కూర్చోబెట్టడం మా ఆయన వల్ల కాదు. మా అత్తగారు బతికుండగా ఆవిడ వల్లా కాలేదు. ఐదు రోజులకోసారి వచ్చే సంతకి కూడా వెళ్ళకపోతే ఇక ఈ బతుకెందుకని నా వాదన. పెళ్ళి చేసుకుని ఫిలిప్పీన్స్ నుంచి కొరియాలోని ఈ చోంగ్‌దోకి వచ్చి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. నా పేరు మారివిక్. ఆ పేరు ఇక్కడ నా పాస్‌పోర్టుకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. మా పెద్దపిల్ల పేరు పెట్టి మింజీ వాళ్ళమ్మ అంటారు. నా వెనకాలైతే నోటి మనిషి అంటారు. అననీ. భాష రాని కొత్తలో నోరు మూసుకునే ఉన్నాను కదా, అప్పుడు మాత్రం ఎవరు మెచ్చుకున్నారు.

సంతలో నాకు తోడు ఇద్దరు. ఒకతి ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన దిల్‌ఫూజా, పుట్టగొడుగుల షెడ్డులో పనిచేస్తుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. చక్రాల బండి లాక్కుంటూ నడిచిందంటే జనం వాళ్ళంతట వాళ్ళే దారిస్తారు. రెండోది కుంథియా, కంబోడియా పిల్ల, మాలో చిన్నది. ముగ్గురం కలిశామంటే బట్టల వరసలో మొదలుపెట్టేవాళ్ళం. కొనేది లేకపోయినా ప్రతి గుట్టా కెలికి, ఈ జాకెట్టు వేసుకుంటే నువ్వు గుడారంలా ఉంటావని దిల్‌ఫూజాని ఏడిపించి, పెనం మీద కాలుతున్న బెల్లం రొట్టె తలొకటి తినేవాళ్ళం. చివరికి సోయాపాలలో మంచుముక్కలేసి ఇచ్చే నూడుల్స్ కొట్టు దగ్గర కూలబడేవాళ్ళం. మా భాషలు మూడూ మూడు రకాలు. మాట్లాడుకునేది కొరియా భాషలోనే, అదీ తలొక యాసలో. కొట్టువాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ ఆగస్టు సంతకి మాత్రం దొంగతనానికి వెళ్ళినట్టు వెళ్ళాం.

కుంథియా మొగుడు జోంగ్‌సిక్ పోయి ఆ రోజుకి ఏడాది. పవర్ టిల్లర్ కాలవలోకి బోల్తా కొట్టి దాని కింద పడిపోయాడు. ఆ సమయానికి కుంథియా అక్కడ లేదు. వాళ్ళమ్మకి ఆపరేషనని కంబోడియా వెళ్ళింది. విమానం దొరికి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. తెల్లటి కుండొకటి చేతిలో పెట్టి ఇదిగో మీ ఆయన అన్నారు. ఆ పిల్ల మొగుడి మొహం ఆఖరిసారి చూసుకోలేదు.

ఇక్కడ తద్దినం నాటి సాయంత్రం పోయినవాళ్ళు ఇంటికొస్తారు. వాళ్ళ కోసం బల్ల నిండా వండి పెట్టి వీధి తలుపు తీసి ఉంచుతారు. వాళ్ళొచ్చి తిని వెళతారు. నేను ఏసుప్రభువుకి మొక్కేదాన్ని, నాకా నమ్మకం సగమే. కుంథియాకి పూర్తిగా ఉంది. ఏడాదిగా ఆ పిల్ల ఆ ఒక్క సాయంత్రం కోసమే బతికిందంటే అతిశయం కాదు. "నేనాయన్ని చూడలేదు కదక్కా. ఆయనన్నా నన్ను చూసి వెళతాడు" అనేది.

మరి దొంగతనం ఎందుకంటే, వాళ్ళత్త మల్‌సూన్ అవ్వ వల్ల. జోంగ్‌సిక్‌ని కన్నతల్లి. ఆ సంతలో నలభై ఏళ్ళు ఎండుచేపలు అమ్మిన మనిషి. ఒకప్పుడు ఆవిడ కేకేస్తే బస్టాండు దాకా వినపడేదట. ఇప్పుడు మతి నిలవడం లేదు. పాతవన్నీ గుర్తే, కొత్తవేవీ అంటవు. కొడుకు పోయిన సంగతి అసలే అంటదు. రోజూ చీకటి పడే వేళకి గుమ్మంలో కూర్చుని వాడింకా రాలేదేం అంటుంది. మొదట్లో కుంథియా నిజం చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ తల్లికి అది అప్పుడే తెలిసిన కబురు. గుండెలు బాదుకునేది, నేల మీద పడి దొర్లేది, మెతుకు ముట్టేది కాదు. అలా ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఒక కునుకు తీసి లేచేది. లేచాక పలక తుడిచేసినట్టే, వాడింకా రాలేదేం అని మళ్ళీ మొదలు. జోంగ్‌సిక్ పోయింది ఒక్కసారే, వాళ్ళమ్మకి మాత్రం ఎన్నిసార్లు పోయాడో. చూడలేక నేనే చెప్పాను, ఇక చెప్పకే తల్లీ, పాపమొస్తే నాకు రానీ అని. అప్పట్నించీ కుంథియా, పొలంలో ఉన్నాడు అత్తమ్మా, సాయంత్రం వస్తాడు అంటుంది. సంతలో వాళ్ళందరి చెవినా నేనే వేశాను, అవ్వ దగ్గర ఎవరూ నోరు జారొద్దని.

తద్దినం సరుకు తేవాలి. అవ్వని ఇంట్లో వదిలి రావడానికి లేదు, మొన్ననే స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయింది. పక్కింటామె తేగు పట్నంలో ఆసుపత్రికి వెళ్ళింది. అవ్వని వెంట తీసుకెళ్ళక తప్పదు. తీసుకెళితే ఇంకో చిక్కు. అవ్వకి బుట్టలు చదవడం వచ్చు. నలభై ఏళ్ళు కొట్లో కూర్చుని చేసిందదే మరి. బుట్టలో బాలింతలకి పెట్టే సముద్రపు నాచు కనపడితే, మీ కోడలికి ఆడపిల్లా మగపిల్లాడా అనేది. నిలువెత్తు ఎండుచేప, ఎండు రేగుపళ్ళు, చెస్ట్‌నట్లు, బేరిపళ్ళు ఒకే బుట్టలో పడ్డాయంటే, ఎవరి తద్దినం అని గొంతు తగ్గించి అడిగేది. అక్కడితో ఆగేది కాదు. ఎదురుగా ఒక్‌జాది పళ్ళ కొట్టు. తద్దినం సరుకు కొన్న కొత్త కోడలెవరైనా అటు వెళ్ళి పీచ్ పళ్ళ మీద చెయ్యేసిందా, అవ్వ ఇక్కణ్ణించే కేకేసేది, ఒక్‌జా, ఆ బుట్టకి పీచ్‌లు ఇవ్వకు అని. పీచ్ చెట్టంటే పోయినవాళ్ళకి భయం. ఇంట్లో ఒక్క పండున్నా గడప తొక్కలేరు. తెలియక కొనే పిల్లలకి తెలిసినవాళ్ళు అమ్మకూడదు కదా. ఆ రకంగా ఈ సంతలో అదొక పద్ధతైపోయింది. పద్ధతి పెట్టిందే అవ్వ. కుంథియాకి నేర్పిందీ ఆవిడే.

అందుకని సరుకు పంచుకున్నాం. రేగుపళ్ళూ చెస్ట్‌నట్లూ నావి. బేరిపళ్ళూ మాంసమూ దిల్‌ఫూజావి. ఎండుచేప అవ్వ కంటపడకుండా అటు చివర కొట్లో కొని గొడుగు గుడ్డలో చుట్టాం. కుంథియా మాత్రం అవ్వ చెయ్యి పట్టుకుని ఊరికే షికారు తిప్పినట్టు తిప్పాలి, మొలకలూ టోఫూ తప్ప ఏమీ కొనకూడదు. ఏ ఒక్క బుట్టా నిజం చెప్పకూడదని మా ఏర్పాటు. ఇంటికెళ్ళాక సంగతి ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు, చీకటి పడగానే అవ్వకి ఎలాగూ నిద్ర ముంచుకొస్తుంది.

ఏర్పాటు బాగానే నడిచింది. అవ్వ ఆ రోజు భలే హుషారుగా ఉంది. సంతలో కాలు పెడితే ఆవిడకి పదేళ్ళు తగ్గుతాయి. వెల్లుల్లి అమ్మేవాడితో, పాయలు ఇంత సన్నంగా ఉన్నాయి, నువ్వూ నీ పెళ్ళామూ తిండి మానేశారా అంది. రబ్బరు చెప్పుల దగ్గర ఆగి దిల్‌ఫూజా కాళ్ళ వంక చూసి, ఈ పిల్లకి చెప్పులు కాదు పడవలు కావాలి అంది. దిల్‌ఫూజా పగలబడి నవ్వి బండి మీద వాలిపోయింది. ఎండ మండిపోతోంది. గొడుగుల కింద ఉక్క. చేపల నీచు వాసన, వేగే నూనె వాసన, వాటన్నిటి మీదుగా ఎక్కడ చూసినా పీచ్ పళ్ళ వాసన. మా జిల్లా అంతా ఆ తోటలే. ఆగస్టులో ఇక్కడ పీచ్ పళ్ళు దాచడమంటే చెరువులో నీళ్ళు దాచడమే. ఆ సంగతి ముందే తట్టాల్సింది.

ఒక్‌జా కొట్టు ముందు అవ్వ ఆగింది. బుట్టలోంచి ఒక పండు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"జోంగ్‌సిక్ సాయంత్రం వస్తాడు. వాడికి ఓ బుట్ట కట్టవే" అంది.

ఒక్‌జా చేతులు ఆగిపోయాయి. ఆవిడకి అన్నీ తెలుసు. కుంథియా మొహం చూసింది. వెనకాల రేగుపళ్ళ సంచి దాచుకున్న నన్ను చూసింది. అది ఏ రోజో గుర్తుకొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. ఇవన్నీ తేగువాళ్ళు ఫోన్లో చెప్పి పెట్టినవి వదినా, అమ్మడానికి లేవు, వచ్చే సంతకి మంచివి దాస్తాను అంది. పండు మెల్లిగా అవ్వ చేతిలోంచి తీసుకుంది. అవ్వ మూతి ముడుచుకుని, నీ ఒక్కదానికే ఉన్నాయా పళ్ళు అని ముందుకు నడిచింది. అక్కణ్ణించి వరసంతా పళ్ళ కొట్లే.

కుంథియా నా మోచెయ్యి పట్టుకుంది. ఆ ఎండలో కూడా దాని చెయ్యి చల్లగా ఉంది. నేను అన్నాను, దీనికింత కంగారెందుకు, కొనిచ్చేద్దాం, బస్సెక్కేముందు నేను పట్టుకుపోతాను అని. కుంథియా తల అడ్డంగా ఊపింది.

"ఆవిడ చేతిలోంచి వదలదక్కా. కొడుకు చేతికే ఇస్తానని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతాడు."

లాక్కుంటే ఏడుస్తుంది. ఎందుకు లాక్కున్నావంటే ఏం చెప్పాలి. చెబితే మళ్ళీ అదంతా మొదటికొస్తుంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ పడనివ్వలేదు. ఈ ఒక్క పూట పళ్ళు ఇంట్లోకి రాకుండా చూడక్కా, ఇంకేమీ అడగను అంది. ఎప్పుడూ ఏమీ అడగని పిల్ల. నువ్వు ఆవిణ్ణి నెమ్మదిగా నడిపించు, మిగతాది నాకొదిలెయ్ అన్నాను.

అదే నా గుణం. మిగతాది నాకొదిలెయ్ అనేస్తాను.

సంచి భుజానేసుకుని కొట్ల వెనకనుంచి పరిగెత్తాను. ప్రతి కొట్టు దగ్గరా ఒకటే మాట: ఎండుచేపల అవ్వ వస్తోంది, ఇవాళ వాళ్ళింట్లో తద్దినం, ఆవిడకి చెప్పొద్దు, పీచ్‌లు లేవనండి. ఇంకేమీ అడగలేదు వాళ్ళు, ఎవరి తద్దినమో అందరికీ తెలుసు. ఒకామె మెడలోని తువ్వాలు తీసి బుట్ట మీద పరిచింది. ఒకాయన అట్టపెట్టెలు చించి కప్పాడు. ఇంకొకామె గొడుగే దింపి పళ్ళ గుట్ట మీద పడుకోబెట్టి, తను ఎండలో నిలబడింది. పిల్‌గూ అనే ముసలాడికి ఏమీ దొరక్క, రెండు పెట్టెలు దగ్గరికి లాక్కుని వాటి మీద కూర్చున్నాడు. వరస ఈ చివర్నించి ఆ చివరికి చూస్తే పండన్నది లేదు. నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళ నా నోరు ఒక మంచి పనికి వచ్చిందనుకున్నాను.

అవ్వ వచ్చింది. మొదటి కొట్టు, లేవు. రెండో కొట్టు, అయిపోయాయి అవ్వా. మూడో కొట్టామె, ఈసారి వానలకి కాపు పోయిందవ్వా అని అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించింది. అవ్వ తువ్వాలు వంక చూసింది, అట్టల వంక చూసింది. వాసన పీల్చింది. వాసనకి గుడ్డ కప్పలేం కదా. పిల్‌గూ దగ్గరికొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏరా పిల్‌గూ, గుడ్ల మీద కోడిలా కూర్చున్నావ్. పొదిగితే పిల్లలొస్తాయా పళ్ళకి?"

పిల్‌గూ, మోకాళ్ళ నొప్పులే అక్కా అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని. మామూలుగా అయితే చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. అదే తేడా కొట్టిందనుకుంటాను. మనిషి జోకు వేస్తే సంతంతా గమ్మున ఉండిపోవడం అవ్వ ఎన్నడూ చూసి ఉండదు. పిల్‌గూ మొహం చూసింది, ఎండలో నిలబడ్డ గొడుగామెని చూసింది, నన్ను చూసింది. ఆవిడ చూపులో చాలా నెలలుగా లేనిదేదో వచ్చింది. వెనక్కి తిరిగి, కుంథియా చెయ్యి వదిలేసి, తనే నడుచుకుంటూ ఒక్‌జా కొట్టుకి వెళ్ళింది.

ఒక్‌జా కొట్టుకి ఎదురుగా ఒకప్పటి అవ్వ కొట్టు. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అవ్వ అటు ఒక చూపు చూసి, ఒక్‌జా వేసిన పెట్టె మీద కూర్చుంది. మేమంతా చేరాం. దిల్‌ఫూజా బండికి తన ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడింది. ఇంకేం దాచాలి, అయినా దాచింది.

"ఒక్‌జా," అంది అవ్వ నెమ్మదిగా. "ఏ ఇంటికి అమ్మొద్దంటాను నేను పీచ్‌లు?"

ఒక్‌జా మెడలో తువ్వాలు తీసి పక్కనున్న బుట్ట మీద కప్పింది.

"ఇవాళ మా ఇంట్లో ఎవరి తద్దినం?"

సంత మామూలుగానే అరుస్తోంది. నేనే తెగించాను. మీ ఆయన తద్దినం అవ్వా, మరిచిపోయావా అన్నాను.

అవ్వ నా వంక కోపంగా కూడా చూడలేదు. మా ఆయన పోయింది మంచు పడే రోజుల్లో అంది. చేప ముక్కలు చెయ్యబోతే కత్తి దిగేది కాదు, అలాంటి చలిలో పోయాడు, ఇవాళ చూడు, చెమట కారిపోతోంది అంది. నా నోరంటే ఊరంతా జడుస్తుంది. అది పనికిరావాల్సిన చోట ఎండిపోయి కూర్చుంది.

అవ్వ కుంథియా వైపు తిరిగింది. ముందు తన గుండె మీద చెయ్యేసుకుంది.

"మా ఇంట్లో ఉండేది ముగ్గురం కదా. నేనిక్కడ ఉన్నాను." ఆ చేత్తోనే కుంథియా చెంప తాకింది. "నువ్విక్కడ ఉన్నావు."

ఆ తర్వాత అడగలేదు. కుంథియా మట్టిలో మోకాళ్ళ మీద కూలబడి అవ్వ ఒళ్ళో తల పెట్టేసింది. చెప్పనని ఒట్టేసుకున్న పిల్ల, చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మేము ఉంచలేదు. సంతంతా కలిసి గుడ్డలు కప్పి మరీ చెప్పాం.

గుండెలు బాదుకుంటుందని నేను సిద్ధంగా నిలబడ్డాను, పట్టుకోవడానికి. అవ్వ బాదుకోలేదు. చాలాసేపు కోడలి జుట్టు నిమురుతూ కూర్చుంది. కన్నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి, తుడుచుకోలేదు. తర్వాత ఆవిడ చూపు పక్కనున్న బుట్ట మీద పడింది. ఒక్‌జా కప్పిన తువ్వాలు ఒక మూల జారిపోయి రెండు పళ్ళు బయటికి కనపడుతున్నాయి. అవ్వ వంగి, తువ్వాలు లాగి, ఆ మూల పళ్ళ కిందికి దోపింది.

"సరిగ్గా కప్పండే," అంది. "పిల్లాడు రావాలి."

ఒక్‌జా నడుముకి కట్టుకున్న గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కొట్టు లోపలికి వెళ్ళిపోయింది. దిల్‌ఫూజా వాళ్ళ భాషలో ఏదో గొణుక్కుంటోంది, ప్రార్థన అయ్యుంటుంది. నాకైతే ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అవ్వ అలాగే కుంథియా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. పొద్దు తిరిగే దాకా మేం కదల్లేదు. ఒక్‌జా గొడుగు జరుపుతూ అవ్వ మొహం మీద నీడ పడేలా చూసింది. పోనీలే, ఒక రకంగా మంచిదే అయింది అని నేను కుంథియా చెవిలో అన్నాను, ఆవిడే వద్దంది కదా పళ్ళు, సాయంత్రం ఇద్దరూ కలిసే పెట్టుకోండి అని. కుంథియా తలూపింది. వండాల్సినవి ఒక్కొక్కటీ చెప్పుకుంది. ఆయనకి గుడ్డు పూసి వేయించిన గుమ్మడికాయ ముక్కలంటే ఇష్టమంది. చెబుతుంటే మొహంలో కొంచెం వెలుగు వచ్చింది కూడా.

అవ్వ లేచింది. కళ్ళు నులుముకుని, ఎండుచేపలు లోపల పెట్టారా, వాన వచ్చేలా ఉంది అంది. పెట్టాం అత్తమ్మా అంది కుంథియా. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. చేతులు పట్టుకుని బస్టాపుకి నడిపించాం. పళ్ళ వరసగుండా కాకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్ళింది దిల్‌ఫూజా. ఇప్పుడు మేం దాచేది ఏమీ లేదు, దాని బండిలోని సరుకంతా పైకే కనపడుతోంది. అవ్వ ఆ బండి వంక ఒకసారి కూడా చూడలేదు.

బస్టాపు పక్కన ఒక ట్రక్కు ఆగి ఉంది. వెనక తలుపు దించి ఉంది. ట్రక్కు నిండా పీచ్ పళ్ళు, పైన పెట్టిన మైకు తియ్యటి పీచ్‌లు రండి రండి అని అరుస్తోంది. ఆ ట్రక్కువాడు ఎక్కడివాడో, మా సంతవాడు కాదు. వాడికి నేనేమీ చెప్పలేదు. చెప్పినా ట్రక్కుకి ఏ గుడ్డ కప్పుతాడు.

అవ్వ ఆగింది. కుంథియా చెయ్యి లాగింది. మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది.

"ఆగవే. జోంగ్‌సిక్ సాయంత్రం వస్తాడు కదా, వాడికి నాలుగు పళ్ళు కొందాం."

నేను కుంథియా జబ్బ గట్టిగా పట్టుకున్నాను. వద్దే, బస్సు వచ్చేస్తోందని చెప్పు, లేదా ఇందాకటిదే చెప్పు, ఇందాక ఎంత బాగా అర్థం చేసుకుందో చూశావుగా, ఈసారీ ఆవిడే వద్దంటుంది అన్నాను. ఏడాది ఎదురుచూశావే పిచ్చిపిల్లా అన్నాను. ఎప్పటిలా మాటలు వస్తున్నాయి గానీ ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

కుంథియా నా చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది.

"ఇందాక ఒక కొడుకు పోయాడక్కా ఆవిడకి. సాయంత్రంలోపు ఇంకొకణ్ణి నేను చంపలేను."

అని అవ్వ వైపు తిరిగి, కొందాం అత్తమ్మా అంది.

ఇద్దరూ ట్రక్కు దగ్గరికి వెళ్ళారు. దిల్‌ఫూజా తల తిప్పుకుంది. నేను రేగుపళ్ళూ చెస్ట్‌నట్లూ ఉన్న సంచి భుజాన మోస్తూ అక్కడే నిలబడ్డాను. తద్దినం సరుకు కనపడేలా పట్టుకున్న మనిషిని చూసి కూడా ఆ ట్రక్కువాడు పళ్ళు అమ్మేస్తున్నాడు, వాడికి ఆ పద్ధతి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

అవ్వ పళ్ళు ఏరడం మొదలుపెట్టి, చూపు ఆనక, నువ్వు చూడవే అని కోడలికి అప్పగించింది. మెత్తనివి ఏరు, వాడికి గట్టివి పడవు అంది. తెలుసు అత్తమ్మా అంది కుంథియా, ఒక్కో పండూ వేలితో మెల్లిగా నొక్కి చూస్తూ.